లారీ తాగిన నీళ్ళు

మా పెదనాన్న ఫొటోకి నిలువెత్తు దండ వేసి, ఆయన మనవలు నన్ను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సాలూరులో ఒకప్పుడు ఆయన లారీ నిలబెట్టిన ఖాళీ జాగాలోనే ఇప్పుడు అద్దాల గోడలతో ఆఫీసు కట్టారు. దాని ప్రారంభానికి రమ్మని విజయనగరం వచ్చి మరీ పిలిచారు. ఆ ఇంట్లో ఆ కాలం మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను గనక వెళ్ళాను. శాలువా కప్పారు, కొబ్బరినీళ్ళు ఇచ్చారు, అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఒక పెద్దమనిషి మైకు పట్టుకున్నాడు. మా పెదనాన్న బండి ఏనాడూ కొండ ఘాటీలో ఆగిపోలేదట. డ్రైవర్లని సొంత తమ్ముళ్ళలా చూసుకున్నాడట. యజమానికీ పనివాడికీ మధ్య ఆనాడున్న నమ్మకం ఈనాడేదీ అని ఆయన గొంతు పూడుకుపోయింది కూడా. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. మైకు దగ్గరికి నడిచి ఇదంతా అబద్ధమని చెప్దామనే లేచాను. నా ఒంట్లో వణుకు చూసి మనవడొకడు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని, "బాత్రూం అటుంది అత్తా" అన్నాడు.

ముసలిదానికి కోపం వచ్చిందని ఎవరికీ తోచదు. మాత్ర వేసుకునే వేళయిందేమో, కళ్ళు తిరిగాయేమో అనుకుంటారు. ఆ కుర్రాడి చెయ్యి విదిలించుకుని బయటికొచ్చి, శాలువా తీసి గేటు దగ్గర కాపలావాడి చేతిలో పెట్టి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. వయసుతో పాటు కోపం చల్లారుతుందంటారు. నాకు చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు. ఆ లారీ ఘాటీలో ఆగిన రోజు నేను అందులో కూర్చుని ఉన్నాను. అందుకని రాస్తున్నాను.

మా నాన్న నేను నడక నేర్చే వయసులోనే జ్వరంతో పోయాడు. అమ్మా నేనూ పెదనాన్న ఇంట్లోనే ఉండిపోయాం. అదొక పెద్ద పెంకుటిల్లు, ముందు లారీ నిలిచే జాగా, వెనక గోదాము. ఆ ఇంటి వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. చింతపండు పులుపు, డీజిలు ఘాటు, కళింగపట్నం నుంచి వచ్చే ఎండు చేపల బస్తాల కంపు, వీటన్నిటి మీదా మా నాయనమ్మ అడ్డచుట్ట పొగ. ఆవిడ నిప్పున్న కొన నోటి లోపల పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. నోట్లో నిప్పు పెట్టుకుని అంత నిమ్మళంగా ఎలా మాట్లాడగలదా అని కొత్తగా వచ్చిన కోడళ్ళు విస్తుపోయేవారు. పెదనాన్న పొద్దున్నే స్నానం చేసి, తెల్లటి పొందూరు పంచె కట్టుకుని, అరుగు దిగువన చేతుల కుర్చీలో కూర్చునేవాడు. ఆ పంచె మీద మరక పడితే ఇంట్లో ఎవరికో ఒకరికి తిట్లు తప్పేవి కావు. అందుకే ఆయన ఏనాడూ లారీ దగ్గరికి వెళ్ళేవాడు కాడు. కుర్చీలోంచే దాన్ని చూసేవాడు, కుర్చీలోంచే దాని గురించి అన్నీ తేల్చేసేవాడు.

అమ్మ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది. రాగిపిండితో చోడి అంబలి కాచేది, గోదాము ఊడ్చేది, ఇంతమంది అంట్లూ ఆవిడే తోమేది. ఎవరూ ఆవిడని కొట్టలేదు, తిట్టడం కూడా తక్కువే. కాని భోజనాల దగ్గర పెద్దమ్మ, "ఇంకొంచెం ఏసుకో నరసమ్మా, మాకు నేకపోనా నీకు నేకండా ఉంటాదేటి?" అనేది. ఆ మాటలో ఉన్న ముల్లు నాకు చిన్నప్పుడే గుచ్చుకుంది. అమ్మ తల వంచుకుని తినేది. పెదనాన్నతో ఎప్పుడైనా మాట్లాడాల్సి వస్తే తలుపు చాటున నిలబడి, "బావగోరూ" అని మొదలుపెట్టి, రెండు ముక్కల్లో ముగించేది.

ఆ ఇంట్లో అమ్మ తల ఎత్తి నవ్వేది ఒక్క మా మావయ్య దగ్గరే. సింహాద్రి ఆయన పేరు, అమ్మకి సొంత తమ్ముడు. పెదనాన్న లారీకి ఆయనే డ్రైవరు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. ఒళ్ళంతా ఎప్పుడూ కొంచెం డీజిలు వాసన వేసేది. తల మాత్రం శుభ్రంగా నూనె రాసి దువ్వుకునేవాడు. ఆ లారీ ముందు ఇంజనుతో, పొడుగాటి ముక్కుతో ఉండేది. ఎవరెవరి చేతులో మారి మా ఇంటికి వచ్చింది. ఇక్కడి నుంచి బియ్యం, ఉప్పు, ఎండు చేపలు వేసుకుని ఘాటీ ఎక్కి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ వెళ్ళేది. తిరిగి చింతపండు, అల్లం, నూనె తీసే వలిసె గింజలు తెచ్చేది. మావయ్య ఘాటీ దిగి వచ్చిన రోజు అమ్మకి అడవి మామిడల్లమో, నాకు సంతలో కొన్న గాజులో తెచ్చేవాడు. ఆయనకి పెళ్ళి కాలేదు. అక్క ఒక దారిన పడ్డాక చేసుకుంటానని అంటుండేవాడు. అక్కకి దారేముంటుందని ఆయన అనుకున్నాడో నాకు తెలీదు.

నేను హైస్కూలు ముగించి ఇంట్లో ఉన్న రోజుల్లో లారీకి ఆ రోగం మొదలైంది. పొద్దున్న రేడియేటరు నిండా నీళ్ళు పోసి బయల్దేరితే, సుంకి చేరేసరికి సగం ఉండేవి కావు. ముందు మామూలు అనుమానాలన్నీ వరసగా చూశాడు మావయ్య. రబ్బరు గొట్టాలు రెండూ మార్చాడు. ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కి వదులుందేమో చూశాడు. నీటి పంపు కింద వేలు పెట్టి తడి ఉందేమో తడిమాడు. ఇంజను వేడెక్కాక రేడియేటరు మీద అరచెయ్యి ఆనించి అంగుళమంగుళం జరిపేవాడు. ఎక్కడైనా చల్లగా తగిలితే అక్కడ లోపల మట్టి పేరుకుని నీళ్ళు పారడం లేదని అర్థమట. చల్లటి చోటు తగలలేదు. ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చి, "అక్కా, ఓ తట్టెడు బూడిదియ్యి" అన్నాడు.

"బూడిదెందుకురా, లారీకి అంట్లు తోముతావేటి?" అంది అమ్మ.

ఇంజను కింద నేలంతా ఆ బూడిద పరిచి వెళ్ళిపోయాడు. ఒక్క చుక్క కారినా పొద్దున్నకి బూడిద మీద మచ్చ కనబడాలి. పొద్దున్న మేమిద్దరం వంగి చూశాం. బూడిద పొడిగా, పరిచినది పరిచినట్టే ఉంది. రేడియేటరుకి సన్న బెజ్జం ఉంటే పూడుకుంటుందని ఎవరో చెప్పగా అమ్మ దగ్గర పసుపు తీసుకుని నీళ్ళలో కలిపాడు. ఆ వారమంతా లారీ ఆవిరి కక్కినప్పుడల్లా పెళ్ళింటి వాసన వచ్చింది. మావయ్య నవ్వుకున్నాడు గాని, నీళ్ళు తగ్గడం మాత్రం ఆగలేదు. బయటికి కారకుండా నీళ్ళు పోతున్నాయంటే లోపలికే పోతుండాలి. అప్పటి నుంచి ఆయన ముఖంలో నవ్వు తగ్గింది. పొద్దున్న ఇంజను అందుకోగానే గుండె లయ తప్పినట్టు దడదడలాడేది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చేది, ఇంజను వేడెక్కాక కూడా ఆగేది కాదు. ఒకరోజు నూనె కొలిచే కడ్డీ బయటికి లాగి నాకు చూపించాడు. నల్లగా ఉండాల్సిన నూనె మజ్జిగ కలిపినట్టు తెల్లబారి ఉంది. ఆ నూనె ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది సెడ్డ రోగం, పార్వతీ" అన్నాడు.

మర్నాడు పెదనాన్నని కుర్చీలోంచి లేపాడు. ఎంత బతిమాలాడో. ఆయన పంచె ఎత్తి పట్టుకుని, మొహం చిట్లించుకుని లారీ దాకా వచ్చాడు. నేను అరుగు మీద నిలబడి చూస్తున్నాను. మావయ్య రేడియేటరు మూత తీసి, అంచు దాకా నీళ్ళు నింపి, క్లీనరు దాలయ్యని ఇంజను తిప్పమన్నాడు. దాలయ్య మావయ్య కన్నా వయసులో పెద్దవాడు, మాట తక్కువ మనిషి. ఇంజను అందుకుందో లేదో నీళ్ళ మీదికి బుడగలు వచ్చాయి. దాలయ్య కాలు నొక్కేకొద్దీ బుడగలు ఉడుకుతున్న గంజిలా ఎగిరి, నీళ్ళు బయటికి చిమ్మాయి.

"సూడు బావా" అన్నాడు మావయ్య. "ఇంజను ఇంకా సల్లగానే ఉన్నాది. నీల్లు మరగనేదు. మరి ఈ బుడగలేటి? లోపల మండిన గాలి నీల్లల్లోకొస్తన్నాది. ఎడ్డు కింద గాస్కెట్టు కాలిపోనాది. ఎడ్డు ఇప్పించాల." ఇంజను పైన మూతలా బిగించే ఇనప హెడ్డునే ఆయన ఎడ్డు అనేవాడు, దాని కింద మంటా నీళ్ళూ కలవకుండా అడ్డుండే రేకు గాస్కెట్టు.

"బుడగలేటి, నీకైతే అందులో సేపలు కూడా అగుపిస్తాయి" అన్నాడు పెదనాన్న. "మరిగితే బుడగలు రావేటిరా?"

"మరగనేదు బావా. సెయ్యెట్టి సూడు. కాల్తే నన్నడుగు."

పెదనాన్న చెయ్యి పెట్టలేదు. అది నేను కళ్ళారా చూశాను, ఇన్నేళ్ళూ మరవలేదు. ఆయన చేతికీ ఆ నీళ్ళకీ మధ్య జానెడు దూరం. వేలు ముంచితే చాలు, చల్లటి నీళ్ళలో బుడగలేమిటో ఆయనకే తెలిసిపోయేది. తెలిస్తే బండి ఆపాలి. అందుకని తెలుసుకోలేదు. పంచె అంచు చూసుకుంటూ వెనక్కి అడుగేశాడు.

"సింతపండు దిగీ రోజుల్రా ఇవి. ఇప్పుడు ఎడ్డిప్పి బండి పడుకోబెడితే సరుకు ఇంకో బండోడు ఎత్తుకుపోతాడు. నీల్ల టిన్నులు ఇంకో రెండు కట్టుకో. ఆగాగి పోసుకుంటా ఎల్లు."

"ఎల్తాది బావా, ఎల్లదని కాదు. ఆ గాలంతా నీల్లల్లో బిగిసిపోయి ఏదో రోజు గొట్టం పేల్తాది. మనిసి మీదికొస్తాది."

"భయమైతే దిగిపో. ఎల్తా ఎల్తా మీ అక్కనీ, దాని గుంటనీ కూడా తోలుకుపో. మా ఇంట తిన్న కూడు సాల్లే."

అంత పెద్దగా అన్నాడు. వంటింట్లో అమ్మకి వినబడేలా అన్నాడు. మావయ్య మూత బిగించి, చేతులు గుడ్డకి తుడుచుకుని, టిన్నులు కట్టడానికి తాడు తెమ్మని దాలయ్యకి చెప్పాడు. మైకులో మాట్లాడిన పెద్దమనిషి ఏ నమ్మకం గురించి ఏడ్చాడో, అది ఇదే. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని తినే ముద్దకి మావయ్య ప్రాణం తాకట్టు. ఆయన దిగిపోలేడని పెదనాన్నకి నమ్మకం.

ఆ తర్వాత కొద్ది రోజులకి పొట్టంగిలో మా అమ్మ పినతండ్రి ఇంట్లో పెళ్ళి వచ్చింది. లారీ ఎలాగూ వెళ్తోందని అమ్మా నేనూ అందులోనే బయల్దేరాం. ముందు క్యాబిన్లో మావయ్య పక్కన అమ్మ, అమ్మ పక్కన నేను. వెనక బస్తాల మీద దాలయ్య. అమ్మ అరుదుగా బయటికి వచ్చేది గనక చిన్నపిల్లలా అటూ ఇటూ చూస్తూ, కొండ మీద పోడు చేలు చూపించి, "అంత నిటారు మీద ఎలగ దున్నుతార్రా?" అని అడిగింది. ఘాటీ ఎక్కుతుంటే కాళ్ళ కింది రేకు వేడెక్కింది. ఇంజను వేడి చూపే ముల్లు ఆ లారీకి ఎప్పుడో చచ్చిపోయింది. మావయ్య చెవితోనూ ముక్కుతోనూ కనిపెట్టేవాడు. ఒక మలుపు దగ్గర ఊటనీళ్ళు జారే చోట బండి ఆపాడు.

"మూత తీసి పొయ్యరాదేటి, బేగి ఎల్లిపోదుము" అంది అమ్మ.

"ఇప్పుడు తీస్తే మొకం మీదికొస్తాది అక్కా. సల్లారినాక తియ్యాల. కాలుతున్న ఇంజనులో సన్నీల్లు పోసినా ఇనప ఎడ్డు పగిలిపోద్ది. కూకో, ఓ గడియ ఆగుదుం."

చెట్టు నీడన కూర్చుని ఇంటి దగ్గర కట్టుకున్న అటుకులు తిన్నాం. ఇంజను బాగా చల్లారాక, గుడ్డ చుట్టి మూత కొంచెం కొంచెం తిప్పి, ఆవిరి పోనిచ్చి, ఇంజను తిప్పుతూ మెల్లిగా నీళ్ళు పోశాడు. ఎక్కడా తొందర లేదు. ఖాళీ అయిన టిన్నులన్నీ ఊట దగ్గర మళ్ళీ నింపించాడు. తర్వాత మళ్ళీ ఎక్కాం. పై మలుపుల్లో లారీ ముక్కు మీంచి ఆవిరి తీగలా లేచింది. మావయ్య పెదవి కొరుక్కున్నాడు. కొంచెం చదునుగా ఉన్న చోట కొండవార ఆపాడు. దాలయ్య దిగి చక్రాల కింద రాళ్ళు వేశాడు. ఇంజను ఆపేసి, వేడి పోవడానికి మావయ్య పక్కనుండే రేకు తలుపు ఎత్తాడు. అంతే చేశాడు. మూత వైపు చెయ్యి పోలేదు. అమ్మా నేనూ దిగి అక్కడే, కాస్త ఎడంగా నిలబడి ఉన్నాం. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. పై గొట్టం నిలువునా చీలి, మరిగిన నీళ్ళు ఒక్కసారిగా ఆయన మీద పడ్డాయి.

ఆయన అరుపు నేను రాయలేను. చేతులతో ముఖం కప్పుకుని రోడ్డు మీద పడ్డాడు. దాలయ్య అలా నిలబడిపోయాడు. నేను కూడా నిలబడిపోయాను. కదిలింది అమ్మ. పరుగెత్తి తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకుని, "టిన్ను ఎత్తు దాలయ్యా! పొయ్యి! నీల్లు పొయ్యి, ఆపకు!" అని కేక పెట్టింది. ఇంజను కోసం ఊటలో పట్టిన నీళ్ళన్నీ, ఒక టిన్ను తర్వాత ఒక టిన్ను, ఆయన ముఖం మీదా మెడ మీదా కుడిచెయ్యి మీదా పోయించింది. "కల్లు తెరవకు తమ్ముడా. నేనున్నాను. తెరవకు" అంటూనే ఉంది. పై నుంచి దిగుతున్న లారీ ఒకటి ఆగింది. అందులోవాళ్ళు సిరా పుయ్యాలని ఒకరు, పేడ రాయాలని ఒకరు అన్నారు. "ఎవలూ ముట్టుకోకండి" అంది అమ్మ. ఆ లారీలోనే సాలూరు, అక్కడి నుంచి విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కదిలే ముందు నేను మా లారీ వైపు చూశాను. రేడియేటరు మూత బిగిసి ఉంది. ఈసారి దాని చుట్టూ గుడ్డ కూడా లేదు.

మందులకి డబ్బులకని, బట్టలకని అమ్మా నేనూ ఇంటికి వచ్చేసరికి అరుగు ముందు జనం ఉన్నారు. పెదనాన్న కుర్చీలో కూర్చుని చెప్తున్నాడు. "ఎన్ని మాట్లు సెప్పినాను, మరుగుతున్నప్పుడు మూత తియ్యొద్దురా అని. ఇన్నాడు కాదు. తొందర. తీసీసినాడు." అందరూ అయ్యో అంటున్నారు. అయ్యో అన్నది కూడా పెదనాన్న కోసమే, పనివాడు ఇలా చేసి పెట్టినందుకు.

అమ్మ తలుపు చాటుకి వెళ్ళలేదు. జనం మధ్యలోకి వచ్చి నిలబడింది. చీరంతా మట్టి, ఎండిన నీటి చారలు. "మూత తియ్యనేదు బావగోరూ. నేను పక్కనే ఉన్నాను. గొట్టం పగిలినాది. మూత బిగిసే ఉన్నాది. బండి కాడికి ఎవల్నన్నా పంపించి సూడండి."

పెదనాన్న నవ్వాడు. "ఆడదానివి, మూతేదో గొట్టమేదో నీకు తెలుసేటి? ఏడుపులో ఏటి సూసినావో, ఏటో. లోపలికెల్లు."

"నేనూ సూసినాను పెదనాన్నా" అన్నాను. పెద్దమ్మ వచ్చి నా నోటి మీద చెయ్యి వేసింది. మాతో వచ్చిన దాలయ్యని ఎవరో అడిగారు. దాలయ్య నేల చూస్తూ, "గొట్టమే" అన్నాడు. అది విన్నవాళ్ళు కూడా విననట్టే వెళ్ళిపోయారు. ఆ ఊళ్ళో సగం మందికి పెదనాన్న లారీతో ఏదో ఒక అవసరం ఉంది.

లారీని కిందికి లాగించి మస్తాను మేస్త్రి షెడ్డులో పెట్టారు. అప్పుడు హెడ్డు విప్పించాడు పెదనాన్న. విప్పక తప్పింది కాదు, ఇంజను అసలు అందుకోలేదు. ఆసుపత్రికి కూడు పట్టుకుని విజయనగరం బస్సుకి వెళ్తూ నేను ఆ షెడ్డు ముందు ఆగాను. మేస్త్రి గాస్కెట్టు ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. రాగి అంచులున్న పెద్ద రేకు అది. ఒక పక్క నీళ్ళు పారే బెజ్జానికీ, మంట మండే గుండ్రటి కన్నానికీ మధ్య వేలు పట్టేంత మేర నల్లగా కాలి ఊడిపోయింది. "ఇదిగోనమ్మా, మీ మావ సెప్పింది ఇదే" అన్నాడు. అప్పుడే పెదనాన్న వచ్చాడు. మేస్త్రి ఆయనకీ చూపించాడు. ఆయన చూశాడు. ఈసారి దూరంగా నిలబడలేదు, దగ్గరికొచ్చి చూశాడు. చూసి, "బేగి బిగించు" అన్నాడు.

"ఇప్పుడైనా సెప్తావా పెదనాన్నా, మావయ్య తప్పు నేదని?" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలీదు.

"నీకు సదువెక్కువైపోనాది" అన్నాడు.

కొత్త గాస్కెట్టు వేశారు, హెడ్డు చదును చేయించారు, కొత్త డ్రైవరు వచ్చాడు. చింతపండు కాలం ముగియక ముందే లారీ మళ్ళీ ఘాటీ ఎక్కింది. నీళ్ళు చుక్క తగ్గలేదట. నాకు అన్నిటికన్నా మండిపోయేది ఇక్కడే. ఎంత తేలికగా బాగైపోయిందో! మావయ్య అడిగిన రోజున ఈ పనే చేయించి ఉంటే ఆయన కుడికన్ను ఉండేది. చేతివేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోకుండా ఉండేవి. ఎవరో ఒక పిల్లని చేసుకుని ఉండేవాడు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పెదనాన్న ఒక్కసారి చూడ్డానికి రాలేదు. పంచె నలుగుతుందనుకున్నాడో ఏమో.

కట్లు విప్పిన రోజున అమ్మ పెదనాన్న ఇంటికి వెళ్ళి, తన రెండు చీరలూ నా పుస్తకాలూ మూట కట్టుకుని బయటికొచ్చేసింది. అరుగు మీద నాయనమ్మ నోట్లోంచి చుట్ట తీసి, "ఎల్లు, ఎల్లు" అంది. తిట్టిందో దీవించిందో ఇప్పటికీ తేల్చుకోలేను. లారీలు ఆగే చోట తాటాకు పాకలో అమ్మ కూడు వండి పెట్టడం మొదలుపెట్టింది. మొదటి రోజు వచ్చింది దాలయ్య తీసుకొచ్చిన డ్రైవర్లే. అన్నం, చారు, ఎండు చేపల పులుసు. మనిషి చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డించేది. ఎంత వేసుకున్నా ఎవరినీ ఒక మాట అనేది కాదు. అది ఎవరింట్లో నేర్చుకుందో నాకు తెలుసు. ఆ కూటి మీదే నేను టీచరు ట్రైనింగు చదివాను.

మావయ్య ఆ పాకలో బల్ల మీద కూర్చుని ఒంటికన్నుతో, ఎడమచేత్తో కూరలు తరిగేవాడు. ఆయనకి కోపం రాలేదు. నేను పళ్ళు కొరుకుతుంటే, "ఆయనకేటి తెలుసు పాపం, ఏనాడూ టీరింగు పట్టనేదు కదే" అనేవాడు. అలా అన్నప్పుడల్లా నాకు ఆయన మీద కూడా కోపం వచ్చేది. మంచితనం అంటారు దాన్ని అందరూ. ఆ మంచితనం వల్ల సుఖపడ్డది పెదనాన్న ఒక్కడే.

ఇప్పుడు బళ్ళు మారిపోయాయి. మొన్న మా పక్కింటివాళ్ళ కారులో అరకు వెళ్తుంటే కొండ మధ్యలో స్టీరింగు ముందు ఎర్ర దీపం వెలిగింది. తోలుతున్న కుర్రాడు బండి ఆపేసి, ఫోను చేసి, పాట పెట్టుకుని కూర్చున్నాడు. కూలెంటట, పచ్చగా షరబత్తులా ఉంది, దానికొక సీసా, సీసా మీద గీతలు. ఎంత తగ్గిందో పిల్లవాడు కూడా చెప్పగలడు. సంతోషమే. కాని పేపర్లో ఎక్కడ బండి బోల్తా పడ్డా చివర ఒక వాక్యం ఉంటుంది చూడండి, డ్రైవరు నిర్లక్ష్యమే కారణమని. ఆ వాక్యం మాత్రం మారలేదు. అది చదివినప్పుడల్లా నాకు అరుగు ముందు కుర్చీ కనబడుతుంది. ఆ డ్రైవరు ఎవరికి ఏం చెప్పాడో, ఎన్నిసార్లు చెప్పాడో, ఎవరు చెయ్యి పెట్టి చూడలేదో ఆ వాక్యంలో ఉండదు. ఆ రోజులు బంగారమనేవాళ్ళు కుర్చీలో కూర్చున్నవాళ్ళ పిల్లలై ఉంటారు.

అమ్మ పాక పెట్టి కొన్నేళ్ళయ్యాక, ఒక మధ్యాహ్నం పెదనాన్న అక్కడికి వచ్చాడు. కావాలని రాలేదు. రాయగడ నుంచి సరుకు కొనడానికి వచ్చిన వ్యాపారి ఒకాయన, లారీవాళ్ళంతా చెప్పుకునే కూడు ఇక్కడే తినాలని పట్టుబట్టి తీసుకొచ్చాడు. సెలవులకి వచ్చి నేనూ వడ్డిస్తున్నాను. అమ్మ ఆయన్ని చూసింది. ఆకు వేసింది, నీళ్ళు చల్లింది, అన్నం పెట్టింది. అందరికీ పెట్టినట్టే పెట్టింది. ఆయన పులుసు కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడు. బల్ల మీద మావయ్య ఉల్లిపాయలు తరుగుతున్నాడు. రాయగడ ఆయన అటు చూసి, పాపం ఆ ముఖానికి ఏమైందని మెల్లిగా అడిగాడు.

"నా కాడే డ్రైవరుగా ఉండీవోడు" అన్నాడు పెదనాన్న, ముద్ద నములుతూ. "మరిగిన రేడియేటరు మూత తీసీసినాడు. తొందరెక్కువ."

మావయ్య కత్తి ఆగలేదు. తల ఎత్తకుండా తరుగుతూనే ఉన్నాడు. అమ్మ చారు గిన్నె పట్టుకుని వరసలో వస్తోంది. గిన్నె కింద పెట్టింది. వంగి, పెదనాన్న ముందున్న ఆకుని అన్నంతో సహా రెండు చేతులా మడిచి ఎత్తేసింది.

"లెగు" అంది.

"ఏటి?"

"లెగు. ఆ మాటన్నోడికి ఈ పాకలో కూడు నేదు."

నాకు తెలిసి పెదనాన్నని ఆవిడ నువ్వు అనడం అదే మొదటిసారి. తింటున్న డ్రైవర్లంతా చేతులు ఆపేశారు. ఆయన పులుసు అంటిన చెయ్యి గాల్లో అలాగే పట్టుకుని చుట్టూ చూశాడు. ఎవరైనా ఏమైనా అంటారని చూశాడు. ఆ పాకలో ఆయన లారీతో అవసరం ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. మావయ్య మాత్రం, "తినీవోడి ముందు నుంచి ఎందుకే అక్కా..." అన్నాడు.

"నువ్వు ఉల్లిపాయలు కోసుకో" అంది అమ్మ.

పెదనాన్న లేచాడు. పంచె మోకాళ్ళ దగ్గర నలిగి ఉంది, అది కూడా సర్దుకోలేదు. గుమ్మం దాటుతుంటే చెయ్యి కడుక్కోమన్నట్టు పక్కనున్న నీళ్ళ కుండ ఆయనకి చూపించి, అమ్మ చారు గిన్నె ఎత్తుకుంది. తర్వాతి ఆకు రాయగడ ఆయనది. ఆయన బిత్తరపోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, లేవాలో కూర్చోవాలో తెలీక చూస్తున్నాడు. అమ్మ వంగి ఆయన అన్నం మీద చారు పోసింది.

"నువ్వు తిను బాబూ" అంది. "నువ్వేటీ అన్నేదు కదా."